పాట వెనుక పాట: రోరీ గాలహర్



పెళ్ళివిందులో పులిహోర అమోఘంగా కుదిరిందనుకోండి. పంక్తిలో కూర్చున్న పదిమందిలో తొమ్మిదిమంది మారు వడ్డించుకొని, తృప్తిగా ఆకు మడిచి లేస్తారు. పదోవాడు మాత్రం చేయి కడుక్కొని తిన్నగా వంటపందిరిలోకి వెళ్ళి, ‘‘ఏమండీ, ఈ పోపు పెట్టడం మీకెవరు నేర్పారు?’’ అని వంటాయనను అడుగుతాడు. ఆయన తన మేనమామ పేరు చెప్పగానే మరునాడు ఆ మేనమామ ఊరికి బస్సెక్కుతాడు. అక్కడికి పోయి, ఆ మేనమామకు నేర్పిన పెద్దమ్మ ఎవరో ఆరా తీస్తాడు. ఇటువంటివాణ్ణి చూసి లోకం నవ్వుకుంటుంది. వీనికి పనీపాటా లేదంటుంది. ఐనను విద్యలన్నింటిలోనూ, విశేషించి సంగీతవిద్యలో, లోతు తెలిసేది ఈ పదోవానికే. ఇవాళ నేను చెప్పబోయేది అటువంటి ఒకని కథ.

అతని పేరు రోరీ గాలహర్. ఐర్లండు దేశస్థుడు. 1948 మార్చి 2వ తేదీన ఆ దేశపు వాయవ్యమూలన, డోనెగల్ ప్రాంతంలోని బాలిషానన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 47 ఏళ్ళు మాత్రమే జీవించాడు. ఆ కొద్దికాలంలోనే విద్యుత్ గిటారుమీద మేఘగర్జనలు పలికించాడు. మామూలు కొయ్యగిటారుమీద పల్లెపాటలు వినిపించాడు. మాండొలిన్ మీటాడు, హార్మోనికా ఊదాడు, శాక్సఫోన్ నేర్చాడు. బ్లూస్, రాక్, జాజ్, ఐరిష్ జానపదం అనే ఇన్ని సంప్రదాయాలలోనూ చొరవగా సంచరించాడు. ఇన్ని తీరులు ఒక్క మనిషికి ఎట్లా పట్టుబడ్డాయి? ప్రతిభ అంటే సరిపోతుంది. కాని ప్రతిభ అనే మాట మనకేమీ నేర్పదు. నాకు తోచిన సమాధానం వేరు. అతడు తాను విన్న ప్రతి పాట వెనుకనూ ఉన్న మరొక పాటను వెతుక్కుంటూ వెళ్ళాడు. పాట వెనుక పాట. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి.

రోరీ తండ్రి డానియల్ విద్యుత్ సంస్థ ఉద్యోగి. ఎర్న్ నదిమీద జలవిద్యుత్ కేంద్రం కడుతున్నందువల్ల ఆ కుటుంబం బాలిషానన్‌లో కాపురముండేది. ఆయన అకార్డియన్ వాయించేవాడు. తల్లి మోనికా పాడేది, నాటకాలలో వేషాలు వేసేది. తర్వాత వారు డెరీ పట్టణానికి, అటుపిమ్మట దక్షిణాన ఉన్న కార్క్ నగరానికి మారారు. రోరీ ముఖ్యంగా పెరిగింది కార్క్‌లోనే.

ఇక అసలు ఘట్టం. దీనికి కారణం రేడియో. రేడియోలో కూర్చొని రేడియోను పొగడడం ఆత్మస్తుతి కావచ్చు గాని, ఉన్నమాట చెప్పక తప్పదు. ఆనాటి ఐర్లండులో ఒక పిల్లవానికి అమెరికా సంగీతం వినాలంటే గ్రామఫోను రికార్డులు కొనే స్తోమత ఉండాలి. లేదా రాత్రివేళ రేడియో ముల్లు తిప్పుతూ, గరగరల మధ్య నుంచి అమెరికన్ సైనికుల కోసం వచ్చే ప్రసారాలను, లక్సెంబర్గు కేంద్రాన్ని, బి.బి.సి.ని పట్టుకోవాలి. రోరీ రెండోమార్గం పట్టాడు. అతని మొదటి గురువుకు రూపం లేదు. కంఠం మాత్రమే ఉన్నది.

ఆ కంఠాలలో మొదటిది లానీ డోనెగన్‌ది. గ్లాస్గోలో పుట్టి లండన్‌లో పెరిగిన గాయకుడు. 1950లలో బ్రిటన్‌లో ‘స్కిఫుల్’ అనే ఒక సంగీతపు వెర్రి పుట్టింది. దానికి అధిపతి ఇతడే. స్కిఫుల్‌కు కావలసిన సరంజామా చాలా చవక. ఒక గిటారు. బట్టలుతికే గరుకు రేకుపలక ఒకటి; అంగుస్తానాలు తొడుక్కున్న వేళ్ళతో దానిమీద గీకితే తాళం. తేయాకు దిగుమతి చేసే చెక్కపెట్టెను బోర్లించి, దానికొక కర్ర, కర్రకొక తాడు కట్టి లాగి మీటితే మంద్రస్వరం. ఇంతే. ఊరూరా కుర్రవాళ్ళు ఈ పెట్టెలతో, పలకలతో బయల్దేరారు. డోనెగన్ పాడిన ‘రాక్ ఐలండ్ లైన్’ అనే రైలుపాట 1956లో బ్రిటన్‌ను ఉర్రూతలూగించింది.

వేలకొద్దీ పిల్లలు ఆ పాట పాడారు. రోరీ కూడా పాడాడు. కాని అంతటితో ఊరుకోలేదు. డోనెగన్‌కు ఈ పాట ఎక్కడిది? ఆరా తీస్తే లెడ్ బెల్లీ అనే పేరు బయటపడింది. లూయిజియానా రాష్ట్రపు నల్లజాతి గాయకుడు. పన్నెండు తీగల గిటారు వాయించేవాడు. 1933లో జైలులో శిక్ష అనుభవిస్తుండగా జానపదగేయ సేకర్తలు తండ్రీకొడుకులు లోమాక్సులు వెళ్ళి అతని పాటలు రికార్డు చేశారు. అతడు 1949లోనే గతించాడు. అనగా రోరీకి ఊహ తెలియకముందే పోయిన మనిషి. ఐనా పిల్లవాడు ఆ పాటల దగ్గరికి చేరాడు. అక్కడినుంచి అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ, అక్కడినుంచి బ్లూస్ గాయకుడు మడీ వాటర్స్. పాట వెనుక పాట, దాని వెనుక మరొక పాట.

రోరీకి తొమ్మిదేళ్ళ వయసులో తల్లిదండ్రులు ఒక కొయ్యగిటారు కొనిచ్చారు. నేర్పేవారు లేరు, తనకు తానే నేర్చుకున్నాడు. 1963లో, పదిహేనేళ్ళ ప్రాయంలో, కార్క్‌లోని క్రౌలీ వాద్యాల దుకాణంలో పాతసరుకుగా వచ్చిన ఒక ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు అతని కంటపడింది. 1961లో తయారైనది. వెల 100 పౌన్లకు ఇంచుమించు. ఆ కాలంలో ఒక మధ్యతరగతి ఇంటికి అది మోయలేని భారం. వాయిదాలమీద కొన్నాడు. కొన్న గిటారును జీవితాంతం విడిచిపెట్టలేదు. ఒకసారి డబ్లిన్‌లో దొంగలెత్తుకుపోయారు. పోలీసులు టెలివిజన్‌లో ప్రకటించిన మీదట, వానకు తడిసి, గీతలుపడి, పారవేసినచోట దొరికింది. దొరికిన తర్వాత దానికి రంగు వేయించలేదు. రాత్రికిరాత్రి వేదికమీద కారిన చెమటకు ఆ కాస్త రంగూ పొరలుపొరలుగా లేచిపోయి, అడుగున కొయ్య బయటపడింది. ఫోటోలలో చూస్తే అది సంగీతవాద్యంగా కంటె పాతకాలపు పీటచెక్కగా కనబడుతుంది. ఆ పీటచెక్కే 2024 అక్టోబరులో లండన్ వేలంలో 8,80,000 పౌన్లు దాటి పలికింది. ఐర్లండు జాతీయ మ్యూజియానికి ఇవ్వడానికే దాన్ని కొన్నారు.

గిటారు బాకీ తీర్చాలంటే సంపాదన కావాలి. కావున రోరీ ఒక ‘షోబాండ్’లో చేరాడు. ఈ షోబాండ్‌లను గూర్చి రెండు మాటలు చెప్పాలి. ఐర్లండులో ఆ రోజులలో డాన్సు హాళ్ళు లెక్కకు మిక్కిలి. అందరూ ఒకే రంగు కోట్లు తొడుక్కొని, ఆనాడు జనం నోళ్ళలో నలుగుతున్న పాటలన్నింటినీ అచ్చుగుద్దినట్లు వాయించే బృందాలే షోబాండ్‌లు. ఇప్పుడొక కౌబాయ్ పాట, మరుక్షణం వాల్ట్జ్ నాట్యం, ఆపైన రాక్ అండ్ రోల్. విమర్శకులు ఈ బృందాలను చిన్నచూపు చూస్తారు. రోరీకి కూడా ఆ ఊడిగం రుచించలేదు. నా మటుకు నాకు ఆ చిన్నచూపు సమంజసంగా తోచదు. పదిహేనేళ్ళ కుర్రవాడు రాత్రి తర్వాత రాత్రి, గంటల తరబడి, తనకు నచ్చినదీ నచ్చనిదీ అన్నీ తప్పు లేకుండా వాయించవలసివస్తే, వేళ్ళకు అబ్బే సాధన ఏ పాఠశాలలో అబ్బుతుంది?

ఆ బృందం చెదిరిపోయాక రోరీ ఇద్దరు సహచరులతో జర్మనీలోని హాంబర్గ్ నగరానికి పోయాడు. అక్కడి క్లబ్బులవారు ముగ్గురు చాలరు, నలుగురుండాలని పట్టుబట్టారు. వీళ్ళేం చేశారు? ఒక మిత్రుణ్ణి ఆర్గన్ ముందు నిలబెట్టి, నలుగురూ ఫోటో తీయించుకున్నారు. హాంబర్గ్‌లో దిగాక, పాపం మా ఆర్గన్ వాద్యకారునికి అపెండిసైటిస్ వచ్చిందండీ అన్నారు. ముగ్గురితోనే పని జరిగిపోయింది. చిల్లర అబద్ధమే గాని, దీనిలో ఒక గంభీరమైన నిర్ణయం దాగి ఉన్నది. గిటారు, బేస్, డ్రమ్స్. ఈ ముగ్గురే ఉంటే గిటారు వాయించేవానికి దాక్కునే చోటుండదు. శ్రుతి నిలపవలసిందీ, పాటను అల్లవలసిందీ, పాడేవాని వెనుక నిలవవలసిందీ అతడే; పాడేవాడు కూడా అతడే.

1966లో కార్క్‌లో అతడు స్థాపించిన బృందం పేరు ‘టేస్ట్’. బెల్‌ఫాస్ట్‌లో పేరు తెచ్చుకొని లండన్ చేరింది. 1968లో ‘క్రీమ్’ అనే సుప్రసిద్ధ బృందం లండన్‌లో వీడ్కోలు కచేరీ చేసినప్పుడు ముందుగా వాయించినవారిలో వీళ్ళున్నారు. 1970లో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో జరిగిన మహోత్సవంలో లక్షలాది జనం ముందు వాయించి మెప్పు పొందారు. ఆ ఏడు ముగిసేసరికి బృందం విడిపోయింది. డబ్బు లెక్కలు, మాట పట్టింపులు. ఎక్కడైనా జరిగే కథే గనుక దానిని వదిలేస్తున్నాను.

ఆ రోజులలోనే అతడు శాక్సఫోన్ నేర్చిన వైనం మాత్రం చెప్పాలి. లండన్‌లో అద్దెగది. గోడకవతల ఇరుగుపొరుగు. శాక్సఫోన్ అన్నది మెల్లగా ఊదడానికి వీలైన వాద్యం కాదు. అందుచేత ఆ మనిషి బట్టల బీరువాలోకి దూరి, వేలాడుతున్న కోట్ల నడుమ కూర్చొని ఊదుకునేవాడు. జాజ్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ రికార్డులు విని, గిటారులో తనకు దొరకని స్వేచ్ఛ ఆ వాద్యంలో ఉన్నదని తోచింది అతనికి. 1970 నాటి ‘ఆన్ ద బోర్డ్స్’ అనే రికార్డులో ఆ బీరువా సాధన ఫలం వినవచ్చు. మూలం వెతకడమంటే కేవలం పేర్లు తెలుసుకోవడమని భ్రమపడకూడదు. ఆ మూలం ఏ వాద్యం కోరితే ఆ వాద్యం చేతబట్టాలి. బహుముఖత్వం అతనికి ఈ దారినే వచ్చింది.

1971లో సొంతపేరుతో రికార్డులు మొదలుపెట్టాడు. బెల్‌ఫాస్ట్ యువకుడు జెరీ మకెవోయ్ బేస్ గిటారు పట్టి, ఆపైన రెండు దశాబ్దాలు వెన్నంటి ఉన్నాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే రోరీ జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన జరిగింది. చికాగో నుంచి మడీ వాటర్స్ లండన్ వచ్చారు, ఇంగ్లండు సంగీతకారులతో కలిసి ఒక రికార్డు చేయడానికి. మిసిసిపీ పత్తిచేలలో పనిచేసి, అక్కడి పాటను చికాగో నగరానికి తెచ్చి, విద్యుత్ గిటారుతో దానికి కొత్త గొంతునిచ్చిన మహానుభావుడాయన. చిన్నవేలికి లోహపు గొట్టం తొడుక్కొని, మన గోటువాద్యం వాయించేవారు కట్టెను జార్చినట్లే, దానిని తీగలమీద జార్చి స్వరానికీ స్వరానికీ నడుమనున్న తావులన్నీ పలికించేవారు. రేడియోలో ఆ గొంతు వెతుక్కున్న కార్క్ కుర్రవానికి ఇప్పుడు ఆయన పక్కన కుర్చీ వేశారు.

చిక్కేమిటంటే రోరీకి ఆ రాత్రులలో వేరే ఊళ్ళలో కచేరీలున్నాయి. ఒప్పుకున్న కచేరీ మానడం అతని స్వభావంలో లేదు. కచేరీ ముగించి, చెమట ఆరకముందే కారెక్కి, రాత్రికిరాత్రి లండన్ స్టూడియోకు పరుగెత్తేవాడు. పెద్దాయన అతనికోసం కాచుకొని కూర్చునేవారు. ఆ రికార్డు వింటే ఒక సంగతి చెవికి తెలుస్తుంది. రోరీ దానిలో ఎక్కడా తన ప్రతాపం చూపడు. పెద్దాయన పాడుతుండగా వెనుక ఒద్దికగా, ఒక్కొక్క స్వరం ఆచితూచి వేస్తాడు. అప్పటికే సొంతబృందానికి నాయకుడు. ఇంగ్లండులోని ‘మెలొడీ మేకర్’ పత్రిక పాఠకులు ఎరిక్ క్లాప్టన్ వంటి మేటి గిటారు వాద్యకారులను కాదని ఇతనికే అగ్రస్థానం ఇచ్చిన రోజులవి. అటువంటివాడు శిష్యుని కుర్చీలో సుఖంగా కూర్చున్నాడు. ఆ రికార్డుకు గ్రామీ పురస్కారం వచ్చింది.

ఇప్పుడు ఒక్క పాటను కాస్త దగ్గరగా పరిశీలిద్దాం. 1975లో రోరీ ‘అవుట్ ఆన్ ద వెస్టర్న్ ప్లెయిన్’ అనే పాట రికార్డు చేశాడు. కట్టినవాడు మనమిందాక చెప్పుకున్న లెడ్ బెల్లీ. పశువుల మందలు తోలే కౌబాయ్ పాట. రోరీ దీనిని కొయ్యగిటారుమీద, ఒక్కడే, వింత శ్రుతిలో వాయిస్తాడు. ఆ శ్రుతి సంగతి వినండి. గిటారుకు ఆరు తీగలు. మామూలు శ్రుతి ఒకటి ఉన్నది. ఆ ఆరింటిలో మూడింటిని, అనగా అన్నిటికన్న లావుపాటి తీగను, అన్నిటికన్న సన్నవైన రెండు తీగలను, ఒక్కొక్క నిండు స్వరం చొప్పున కిందికి దించాలి. అప్పుడు వేలు పెట్టకుండా వరుసగా మీటితే మన లెక్కలో ఏమి పలుకుతుంది? షడ్జమం, పంచమం, షడ్జమం, మధ్యమం, పంచమం, షడ్జమం. గమనించారా? దీనిలో గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక పాట ఉల్లాసంగా తోచడమూ, దిగులుగా తోచడమూ చాలావరకు ఆ గాంధారాన్ని బట్టి ఉంటుంది. అది లేకపోవడంతో పాట ఇటూ అటూ కాకుండా, ఎవరిదో తెలియని బయలులో తిరుగుతున్నట్లుంటుంది.

ఈ శ్రుతిని గిటారుకు తెచ్చినవాడు డేవీ గ్రేయం అనే బ్రిటిష్ వాద్యకారుడు. 1960ల తొలినాళ్ళలో మొరాకో వెళ్ళి, అక్కడి ఊద్ వాద్యానికి జతగా వాయించడానికి కనిపెట్టాడు. అతని తరువాతివారి చేతులమీదుగా అది ఐర్లండు జానపద వాద్యకారులకు చేరింది. వారి పాటలకు అతికినట్లు సరిపోయింది. ఇప్పుడు లెక్క చూసుకోండి. లూయిజియానా నల్లజాతి గాయకుని పాట. మొరాకో వెళ్ళివచ్చిన బ్రిటిషువాని శ్రుతి. వాయించేవాడు కార్క్ నగరవాసి. కలిపి వింటే మనకు తోచేది మాత్రం పడమటి ఐర్లండులో సముద్రపుగాలి వీచే బయలు. అనుకరణ ఇందులో ఎక్కడుంది? మూలం దాకా పోయినవానికి అనుకరించవలసిన అగత్యం తీరిపోతుంది. సగం దారిలో ఆగినవాడే అనుకరిస్తాడు.

అతని నడవడిని గూర్చి కూడా ఒక మాట. గళ్ళ చొక్కా, పాత జీన్సు ప్యాంటు, నలిగిన బూట్లు: వేదికమీద అదే వేషం, వీధిలో అదే వేషం. 1969 మొదలు ఉత్తర ఐర్లండులో బాంబులు, కాల్పులు సాగుతుండగా బయటి బృందాలు బెల్‌ఫాస్ట్ పేరెత్తితే భయపడేవి. రోరీ మాత్రం వస్తూనే ఉన్నాడు. వీధులలో పరస్పరం ద్వేషించుకునే రెండు మతశాఖల యువకులూ అల్‌స్టర్ హాలులో ఒకే పైకప్పు కింద నిలబడి అతని వాద్యం విన్నారు. అతడు ఉపన్యాసమేదీ ఇవ్వలేదు. వాయించి వెళ్ళాడు. ‘ఐరిష్ టూర్ 74’ అనే రికార్డులో, టోనీ పామర్ తీసిన చిత్రంలో ఆ యాత్ర నిలిచి ఉన్నది.

పట్టుదల మనిషి. ఒక్కొక్కప్పుడు మొండి మనిషి. చిన్న రికార్డులుగా విడిపాటలు విడుదల చేసి జనాదరణ పొందే పద్ధతి అతనికి గిట్టలేదు. ఆ నియమంవల్ల అతనికి నష్టమే జరిగిందని నా అభిప్రాయం. 1975లో రోలింగ్ స్టోన్స్ బృందం వారు పిలిచి రాటర్‌డామ్‌లో కలిసి వాయింపజేశారు. అది అంతటితో ఆగింది; జపాన్‌లో తన కచేరీలుండగా అతడు అటు వెళ్ళిపోయాడు. మరొకసారి శాన్‌ఫ్రాన్సిస్కోలో రికార్డు మొత్తం పూర్తిచేసి, తృప్తి కలగక పక్కన పారేసి, బృందాన్ని మార్చి, 1978లో ‘ఫోటో ఫినిష్’ పేరుతో తిరిగి చేశాడు. ఆ రోజులలోనే లానీ డోనెగన్ తన పాత పాటలను కొత్తగా రికార్డు చేయగా, రోరీ అందులో గిటారు వాయించాడు. బాల్యంలో రేడియోలో విన్న మొదటి కంఠం పక్కన కూర్చున్నాడన్నమాట. ఇవికాక ఐరిష్ జానపదాలు పాడే డబ్లినర్స్ బృందంతో, స్పెయిన్‌వారి ఫ్లమెంకో వాయించే హువాన్ మార్టిన్‌తో, జానపద గిటారు వాద్యకారుడు బర్ట్ జాన్ష్‌తో కలిసి చేసినవి కూడా ఉన్నాయి. వీటిలో కొన్నింటిని అతని మరణానంతరం 2003లో ‘వీల్స్ వితిన్ వీల్స్’ అనే పేరుతో వెలువరించారు.

చివరి సంవత్సరాలు కష్టమైనవి. విమానప్రయాణమంటే భయం, ఆ భయానికి మందులు, మందులకు తోడు మద్యం. కాలేయం చెడింది. 1995 జనవరిలో కచేరీలు ఆగిపోయాయి. లండన్‌లో కాలేయమార్పిడి జరిగింది గాని, ఆసుపత్రిలోనే అంటువ్యాధి సోకి జూన్ 14న మరణించాడు. కార్క్ సమీపంలో బాలింకాలిగ్ వద్ద సమాధి చేశారు. పుట్టిన ఊరు బాలిషానన్‌లో విగ్రహం ఉన్నది. కార్క్‌లో ఒక కూడలికి అతని పేరు పెట్టారు.

స్టూడియోలో అతడు చేసిన చివరి రికార్డు 1990 నాటి ‘ఫ్రెష్ ఎవిడెన్స్’. దానిలో ‘ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్’ అనే రైలుపాట ఉన్నది. రోరీది కాదు, సన్ హౌస్ అనే మిసిసిపీ గాయకునిది. ఈ సన్ హౌస్ ఎవరనుకున్నారు? మడీ వాటర్స్ కుర్రవాడుగా ఉన్నప్పుడు ఎదుట కూర్చొని చూసి నేర్చుకున్నది ఆయన దగ్గరే. డోనెగన్ నుంచి లెడ్ బెల్లీ, అక్కడినుంచి మడీ వాటర్స్, ఆయననుంచి సన్ హౌస్ దాకా. ఇంచుమించు ముప్పై అయిదేళ్ళ వెతుకులాటలో అతడు అంత దూరం వెళ్ళాడు. అదే రికార్డులో లూయిజియానా ప్రాంతపు జైడెకో సంగీతానికి రాజనదగిన క్లిఫ్టన్ షెనియేకు సమర్పించిన పాట కూడా ఒకటి ఉన్నది. షెనియే వాద్యం అకార్డియన్, రోరీ తండ్రి వాయించిన వాద్యమే.

వినదలచినవారికి ఒక సూచన. రోరీ రికార్డులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. మొట్టమొదట ‘అవుట్ ఆన్ ద వెస్టర్న్ ప్లెయిన్’ వినండి, కళ్ళు మూసుకొని, రెండుసార్లు. తర్వాత అదే పాటను లెడ్ బెల్లీ గొంతులో వినండి. శబ్దం బాగుండదు, గరగరమంటుంది, ఓర్చుకోవాలి. రెండింటికీ తేడా మీ చెవికే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కరలేదు. అది నచ్చితే ‘ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్’ పట్టుకోండి: ముందు రోరీది, ఆపైన సన్ హౌస్ 1965లో, వార్ధక్యంలో, రికార్డు చేసినది. విద్యుత్ గిటారు హోరు నచ్చనివారు ‘వీల్స్ వితిన్ వీల్స్’తోనే మొదలుపెట్టవచ్చు, ఉరుములు కావలసినవారికి ‘ఐరిష్ టూర్ 74’ ఉన్నది, కాని దానికి ఇంట్లో పెద్దవాళ్ళు నిద్రపోయే వేళ కాకుండా చూసుకోండి.